హద్దురాయి మీద సబ్బు

పది గంటలకు వస్తానన్న సర్వేయరు పదింపావైనా రాలేదు, వస్తాడులే, రాక ఎక్కడికి పోతాడు, అనుకుంది తనూజ. ఏడో తూము సిమెంటు గోడ మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది, ఒళ్ళో ప్లాస్టిక్ ఫైలు, ఫైలు మీద ఫోను, ఎండకు వేడెక్కకుండా ఫోను మీద చున్నీ కొంగు. కాలువకు నీళ్ళు వదిలి పది రోజులైంది, కాళ్ళ కింద తూము నోట్లోంచి మట్టిరంగు నీళ్ళు బోదిలోకి గలగలా దిగుతున్నాయి, బోది పక్కన తాతయ్య పొలంలో చివరి చెక్క, దమ్ము చేసి చదును పెట్టిన మూడెకరాల బురద, ఎల్లుండి నాట్లు. ఎల్లుండి నాట్లు పడ్డాయంటే మళ్ళీ కోతల దాకా ఇందులో సర్వేయరు కాలు పెట్టడు, పెట్టమని అడిగే ధైర్యం కాలనీ వాళ్ళకు లేదు, అప్పటి దాకా బసవ్వ ఆగాలి, బసవ్వ ఆగేలా లేదు. బసవ్వ అంటే దళితుల కాలనీ పెద్ద హుసేనప్పకు అక్క, ఎనభై దాటిన మనిషి, మూడు నెలలుగా మంచం దిగలేదు. మొన్న ఆదివారం చూడబోతే బోసినోటితో నవ్వి, “ఏం బిడ్డా, నేను సావనీకె గూడ కాలువ బంద్ గావాల్నా?” అని అడిగింది. అడిగిందాంట్లో అబద్ధమేమీ లేదు. కాలనీ వాళ్ళ శ్మశానం, బొందలగడ్డ, ఈ చెక్కకు అవతల వంక ఒడ్డున ఉంది, అక్కడికి పోయే బండిబాట ఒకప్పుడు ఈ చెక్క మధ్య నుంచే పోయేది, ఊరి నక్షాలో ఇప్పటికీ జంట చుక్కల గీతలుగా ఉంది, నేల మీద మాత్రం లేదు. ఎండాకాలంలో పోయినవాళ్ళు అదృష్టవంతులు, ఎండిన పొలానికి అడ్డంబడి తీసుకుపోతారు, వరి ఉన్నన్నాళ్ళూ మోకాలి లోతు బురదలో మోసుకుపోవాలి. ఈరోజు ఆ బాట కొలిచి గుర్తులు పెట్టాలి, కొలవడానికి ఒక హద్దురాయి కావాలి, రాయి ఉండాల్సిన చోట లేదు, అది ఎక్కడ ఉండేదో చూపించగల మనిషి ఒక్కడే మిగిలాడు, ఆయన తనూజ సొంత తాతయ్య శివరామకృష్ణయ్య. వస్తారా అని నిన్న సాయంత్రం అడిగితే ఆయన వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

వస్తారు. రాకపోతే ఏం చెయ్యాలో ఆలోచించలేదు, అలా ఆలోచించడం తనకు చేతకాదు, పరీక్ష హాల్లో కూడా తెలియని ప్రశ్న దగ్గర ఆగి గోళ్ళు కొరుక్కునే రకం కాదు, ముందు ఏదో ఒకటి రాసి పడేస్తే తర్వాత అదే దారికొస్తుందని నమ్మకం, ఆ నమ్మకంతోనే సింధనూరు కాలేజీలో మూడేళ్ళూ మొదటి వరసలో కూర్చుంది, ఆ నమ్మకంతోనే బెంగుళూరు లా కాలేజీకి దరఖాస్తు తెరిచింది. తెరిచిన దరఖాస్తు మాత్రం నెలన్నరగా ఒక్కచోటే ఆగిపోయింది, మీరు చేసిన సమాజసేవ గురించి, దానివల్ల నేర్చుకున్నదాని గురించి మూడు వందల మాటల్లో రాయమన్న గడి దగ్గర. మొదటిసారి రాసింది తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి, అణగారిన వర్గాల గొంతుకనై నిలిచాను అని మొదలుపెట్టింది, ఎవరి గొంతుక, బసవ్వ గొంతుకకేం తక్కువ, మంచంలో నుంచే వీధి చివరి కోళ్ళను అదిలిస్తుంది. రెండోసారి మాటలు తగ్గించింది, మూడోసారి అంకెలు పెట్టింది, ఎన్ని శనివారాలు న్యాయసహాయ కేంద్రంలో కూర్చుందో, ఎన్ని పెన్షన్ ఫారాలు నింపిందో, అన్నీ నిజాలే, చదివితే కరెంటాఫీసు రసీదులా ఉంది. పదకొండుసార్లు రాసి పదకొండుసార్లు చెరిపింది. తెలివితక్కువై కాదు, ఆ మూడు వందల మాటల్లోకి రాని సంగతి ఒకటుంది, అది రాయకుండా మిగతావి ఎన్ని రాసినా అబద్ధం చెప్పినట్టే ఉంటుంది.

పోయిన ఆగస్టు. ఇదే కాలువ గట్టు, కాలేజీ నుంచి స్కూటీ మీద వస్తోంది, నాట్లు పడి వారం కూడా కాలేదు, ఈ చెక్కలో పచ్చగా వరసలు లేస్తున్నాయి, ఆ వరసల మధ్య ఎవరో పదిమంది గుంపుగా అడ్డంబడి నడుస్తున్నారు, మొక్కలు కాళ్ళ కింద పడి మునిగిపోతున్నాయి. రైతింటి పిల్ల, గొడ్డు పడ్డా మనిషి పడ్డా నోరు ముందు లేస్తుంది. స్కూటీ ఆపి గట్టు మీద నిలబడి గొంతు చించుకుని అరిచింది, ఎవరయ్యా అది, మొక్కలు తొక్కుతున్నారు, కనపడట్లా, అని. గుంపు ఆగింది. ముందున్న మనిషి తిరిగి చూశాడు, తిరిగేసరికి భుజం మీది వెదురు బొంగు కనపడింది, బొంగు వెనక తెల్లగుడ్డ, గుడ్డ మీద బంతిపూలు, గుడ్డ అంచు బురదలో తడిసి నల్లగా వేలాడుతోంది. ఆ మనిషి హుసేనప్ప, పాడె మీద ఉన్నది ఆయన భార్య. భుజం దించకుండానే ఆయన, “తప్పాయెనమ్మా” అన్నాడు. ఆ మాట అని మళ్ళీ నడిచాడు, నాలుగడుగులు వేసేసరికి వెనక మోస్తున్న వాడి కాలు దిగబడి పాడె ఒక పక్కకు ఒరిగింది, అందరూ ఒక్కసారి పట్టుకున్నారు, పట్టుకోబోయి ఇద్దరు పడ్డారు, తనూజ గట్టు మీద అలాగే నిలబడిపోయింది. దిగలేదు. చెప్పులు విప్పుకుని దిగుంటే ఏం చేసేదో తెలియదు, దిగలేదన్నది మాత్రం తెలుసు. ఇంటికి పోయి అన్నం తినలేదు, అమ్మ జ్వరమా అంటే అవునంది. మూడేళ్ళ కిందట నాయనమ్మ పోయినప్పుడు, కాలువ నీళ్ళ కోసం ఆంధ్రా నుంచి వచ్చిన రైతుల ఊరైన తమ క్యాంపు శ్మశానానికి సిమెంటు రోడ్డు మీద వ్యానులో తీసుకుపోయారు, అక్కడ రేకుల షెడ్డు, చేతులు కడుక్కోవడానికి కుళాయి, వచ్చిన బంధువులు కూర్చోడానికి బెంచీలు, ఆ బెంచీ మీద కూర్చుని తను ఫోను చూసుకుంది కూడా. సిగ్గేసింది. ఆ సిగ్గు ఇంకా పోలేదు, పోవాలని ఆమెకూ లేదు.

ఆ తర్వాతి శనివారమే సౌభాగ్యలక్ష్మి మేడం దగ్గరికి పోయింది. మేడం వకీలు, రాయచూరు బజారులో తాతల నాటి బట్టల దుకాణం వాళ్ళ ఆడపడుచు, యాభై ఏళ్ళ మనిషి, తెలుగులో మొదలుపెట్టిన వాక్యాన్ని కన్నడంలో మలుపు తిప్పి ఉర్దూలో ముగిస్తుంది, ప్రతి శనివారం తాలూకా ఊళ్ళో ఒక గది తెరిచి డబ్బుల్లేని వాళ్ళ కాగితాలు చూస్తుంది. లా చదవాలనుకుంటున్నా, ఉచితంగా పనిచేస్తా అని తనూజ అంటే, ఉచితం సంగతి తర్వాత, ముందు నీ చేతిరాత చూపించు అంది. చేతిరాతలో తనూజకు తిరుగులేదు, కన్నడం ముత్యాల్లా రాస్తుంది. అలా ముత్యాల్లా రాసిందే బండిబాట అర్జీ, కాలనీ తరఫున, హుసేనప్ప వేలిముద్రతో, మూడు పేజీలు, రాసి తనే మురిసిపోయి తాలూకా ఆఫీసులో ఇచ్చి వచ్చింది. ఇరవై రోజులకు అర్జీ తిరిగొచ్చింది, మీరు చెప్పిన నంబర్ల భూములు ఈ గ్రామంలో లేవు అన్న ఒక్క వాక్యంతో. తనూజ మండిపడింది, పుట్టి పెరిగిన పొలం, లేదంటారేమిటని. మేడం కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, చదువుతూ చదువుతూ కడుపు పట్టుకుని నవ్వింది. “ఏంది తనూజా గిట్ల రాసినవ్? ఏడో తూము, ఎనిమిదో తూము, ఏడో తూము కింద ఆఖరి చెక్క. తూములు మీ క్యాంపోళ్ళకు ఎర్క, గవర్నమెంటుకు ఏం ఎర్క?” నిజమే, క్యాంపులో పుట్టిన ఏ పిల్లనడిగినా పొలం ఎక్కడంటే తూము నంబరే చెబుతుంది, పెళ్ళి సంబంధాల్లో కూడా పిల్లాడికి ఐదో తూము కింద ఎనిమిదెకరాలు అంటారు, నీళ్ళ కోసం వచ్చినవాళ్ళకు భూమి నీళ్ళ వెంబడే గుర్తు. భూమికి అంతకు ముందొక నంబరుందని, ఆ నంబరు మీద ఎవరో బండ్లు తోలుకుని ఎవరినో మోసుకుని తిరిగారని ఆమెకు ఇరవై ఏళ్ళొచ్చినా తెలియదు. మళ్ళీ రాసింది, ఈసారి సర్వే నంబర్లతో, రాస్తూ రాస్తూ ఒకచోట ఆగింది, బాట పోయే సర్వే నంబరు పక్కన పట్టాదారుగా తాతయ్య పేరు చూసి. అక్కడ తెలివి చూపించింది. బాటను కొందరు రైతులు కలిపేసుకున్నారు అని రాసింది.

కొందరు రైతులు. ఇప్పుడు తల్చుకుంటే ఆ తెలివి మీద ఆమెకే జాలేస్తుంది, అప్పుడు మాత్రం ఎంత బాగా తప్పించానని అనుకుంది. ఆ రెండో అర్జీ నడిచింది, మెల్లగా నడిచింది, చలికాలమంతా ఒక బల్ల మీద, వేసవి సగం ఇంకో బల్ల మీద. మే నెలలో నేల ఎండి నెర్రెలిచ్చినప్పుడు హుసేనప్పను వెంటబెట్టుకుని బాట ఎటు పోయేదో గీసుకుందామని వచ్చింది. తాతా అని పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి చూశాడు, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. క్యాంపు పిల్లలు ఆయన్ను హుసేనూ అనే పిలుస్తారు, తనూ చిన్నప్పుడు అలాగే పిలిచింది, హుసేనూ ఆ మామిడికాయ కోసిపెట్టు అని, అరవై ఏళ్ళ మనిషి చెట్టెక్కి కోసి పెట్టేవాడు. ఆరోజు మిట్టమధ్యాహ్నం ఆయన చెప్పులు చేతిలో పట్టుకుని నెర్రెల మీద నడుస్తూ చెప్పాడు, “ఈడ జాలిచెట్టుండె, ఈడ బండి మల్పుదురు, మా నాయిన తిమ్మన్న మీ తాత తాన జీతముండె.” రాయి సంగతి అడిగితే తెలియదన్నాడు, అప్పటికి తను గొడ్లు కాసే పిల్లగాణ్ణన్నాడు. మరి ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదు తాతా అంటే ఆయన చాలాసేపు నడిచాడు, తనూజ ఆ మాట మర్చిపోయి కాగితం మీద గీత గీసుకుంటుంటే అప్పుడు జవాబు చెప్పాడు. “అడిగితే తెల్లారి పనికి ఎవరు పిలుస్తరమ్మా.” కోపంగా చెప్పలేదు, వాన గురించి చెప్పినట్టు చెప్పాడు.

జూన్‌లో సర్వేయరు వచ్చాడు, ఇదే తూము దగ్గర మోటారు సైకిలు ఆపి నక్షా పరిచి చూశాడు, మంచివాడే, పెళ్ళై ఏడాది కాలేదట, ఫోను మోగితే పక్కకు పోయి మాట్లాడి వచ్చేవాడు. ఈ పక్క హద్దురాళ్ళు ఒక్కటీ కనపడటం లేదన్నాడు, ఒక్కటైనా ఎక్కడుండేదో భూమి తాలూకు పెద్దలు చూపిస్తే అక్కణ్ణుంచి కొలుస్తానన్నాడు, చూపిస్తే సరిపోదు కింద ఆనవాలు కూడా దొరకాలన్నాడు, పూర్వం రాయి పాతేటప్పుడు గుంతలో ఎర్రమొరం దట్టించేవాళ్ళట, ఈ నల్లరేగడిలో ఎర్రమొరం దానంతట అది ఉండదు. రాయి ఎలా ఉంటుందని తనూజ అడిగింది, ఊరికే అడిగింది, తెలుసుకుందామని. మూడడుగుల పొడుగు, ఒక చివర చెక్కకుండా మొరటుగా ఉంటుంది, రెండో చివర నున్నగా చేసి కూడిక గుర్తు కొడతారు అన్నాడు ఆయన. తనూజ కిసుక్కున నవ్వింది. నవ్వి, నోరు మూసుకుంది. ఆ గుర్తు ఆమెకు తెలుసు, పేరు పెట్టి పిలిచేంత తెలుసు, సబ్బు గుర్తు అనేది చిన్నప్పుడు, ఇంటి వెనక కుళాయి పక్కన బట్టలుతికే బండ, దాని ఒక చివర కూడిక గుర్తు, నాయనమ్మ ఎప్పుడూ సబ్బును ఆ గుర్తు మీదే పెట్టేది, గాళ్ళలో నీళ్ళు కారిపోయి సబ్బు కరగదని. తనకు స్నానం ఆ బండ మీదే, కూర్చోబెట్టి నలుగు పెట్టి వేన్నీళ్ళు పోసేది నాయనమ్మ లక్ష్మీతిరుపతమ్మ, ఒంటి చేత్తో ఇంటిల్లిపాది దుప్పట్లూ ఆ బండ మీద బాదేది, ఆ బాదుడు వీధి చివరికి వినపడేది. ఆ బండ కథ కూడా నాయనమ్మే చెప్పేది, ఎన్నిసార్లు చెప్పిందో, చెప్పినప్పుడల్లా సిగ్గుపడేది. కొత్తగా పెళ్ళై గుంటూరు జిల్లా నుంచి ఇక్కడికి వస్తే చుట్టూ నల్లమట్టి, గుండ్రాయంత రాయి లేదు, గుడిసె ముందు బట్టలు దేని మీద ఉతకాలో తెలియక ఏడిచిందట, రెండోరోజు తాతయ్య పొద్దున్నే బండి కట్టుకుని పోయి, మధ్యాహ్నానికి ఆ బండ తెచ్చి గుడిసె ముందు దించాడట. చీర కాదు, గాజులు కాదు, నాకు మీ తాత పెట్టిన మొదటి సొమ్ము ఇదేనే అనేది. ఒక పిల్ల ఏడుపు ఆపడానికి ఒక కాలనీ బాట చెరిగిపోయింది. ఆ ముక్క తనూజ మనసులో అనుకుని, అనుకున్నందుకు నాయనమ్మ మీద ప్రేమ తగ్గుతుందేమోనని భయపడి చూసుకుంది. తగ్గలేదు. రెండూ నిజమే.

ఫోను మోగింది. మేడం. వచ్చిండా సర్వేయర్ అని అడిగింది, దారిలో ఉన్నాడట అంది తనూజ. మీ తాత, అని అడిగింది, వస్తారంది తనూజ, గొంతులో ఏమాత్రం తడబాటు లేకుండా, తనకే ముచ్చటేసింది. అవతల కాసేపు కోర్టు ఆవరణలో ఎవరెవరివో మాటలు వినపడ్డాయి. తర్వాత మేడం, కొలత అయినంక రాసే మహజరు కాగితంల రాయి తీసినోళ్ళ పేరు అని ఒక జాగ ఉంటది, మళ్ళ కొందరు రైతులు అని రాసేవు, అంది. రెండో అర్జీ చదివిన రోజు కూడా ఇదే అడిగింది, అప్పుడు నవ్వలేదు. “కొందరు అంటే కోర్టుకు ఎవ్వరూ కాదు బిడ్డా. ఇంటోళ్ళ పేరు రాయనీకె చెయ్యి ఆడకుంటే, రేపు ఊరోళ్ళ పేరు ఎట్ల రాస్తవ్?” అంది. తాతయ్యను ఏమైనా చేస్తారా అని తనూజ ఆరోజు చిన్నగా అడిగింది, యాభై అరవై ఏళ్ళ కిందటి రాయికి ఎనభై ఏళ్ళాయనను ఏం చేస్తరు, ఒక మాట అంటరు, పడాలె, అంది మేడం. తాతయ్యను ఎవరూ ఒక మాట అనడం తనూజ ఇంతవరకూ చూడలేదు. నీళ్ళ సంఘంలో ఆయన లేస్తే మిగతావాళ్ళు కూర్చుంటారు.

నిన్న సాయంత్రం ఆయన వెనక వాకిట్లో మడత కుర్చీలో కూర్చుని ఆ బండకేసే చూస్తున్నాడు. విషయం అంతకు ముందే తెలుసు, నాన్న బాబ్జీ చెప్పి ఎగిరాడు, ఇంట్లో తిని ఇంటి మీదే అర్జీ పెట్టే పిల్లను కన్నానని, బాట కింద ముప్పై సెంట్లు పోతాయని, లా చదవమంటే మనమీదే చదువుతోందని. తనూజ పోయి బండ మీద కూర్చుంది, చిన్నప్పుడు కూర్చున్నట్టే, సబ్బు గుర్తు మీద చెయ్యి పెట్టుకుని. ఎలా మొదలుపెట్టాలో వంద రకాలుగా అనుకుని వచ్చింది, ఒక్కటీ రాలేదు, పోయిన ఆగస్టు సంగతి చెప్పింది. ఎవరికీ చెప్పనిది మొదటిసారి చెప్పింది, మొక్కలు తొక్కకండని తను అరవడం, హుసేనప్ప తప్పాయెనమ్మా అనడం, పాడె ఒరగడం. రేపు వచ్చి రాయి చోటు చూపిస్తారా అని అడిగింది. తాతయ్య, “అప్పుడెవరూ అడగలేదమ్మాయ్. నీళ్ళొచ్చాయి, చదును చేసుకున్నాం, బాట అని ఒక్కడన్నా వచ్చి అడిగుంటే వదిలేవాణ్ణే” అన్నాడు. అడిగితే మీరు పనికి పిలవరని అడగలేదు తాతయ్యా, అంది తనూజ. ఆ మాట ఇంత తేలిగ్గా నోటికి వస్తుందని ఆమె అనుకోలేదు. ఆయన ముఖం మారింది, కోపమో మరొకటో తెలియలేదు, గేదె పాలు పితికే వేళైందని లేచి పోయాడు. పోతూ పోతూ బండ దగ్గర ఆగి, సబ్బు తీసి గోడ మీద పెట్టాడు. ఎందుకు తీశాడో పొద్దున్నుంచీ ఆలోచిస్తోంది. ఊరికే తీసి ఉంటాడా. తాతయ్య ఊరికే ఏదీ తీయడు, ఊరికే ఏదీ పెట్టడు, అందుకే వస్తాడని గుండెల మీద చెయ్యేసుకుని చెప్పగలదు, అయినా పదిన్నరైంది, గుండెల మీది చెయ్యి కొంచెం చెమట పడుతోంది, అది ఎండకు.

మోటారు సైకిలు వచ్చింది. సర్వేయరు దిగి, వెనక కూర్చున్న సహాయకుడి చేత కర్రలూ గడ్డపారా దింపించి, ఎదుటి పక్షం ఏరీ అన్నాడు కన్నడంలో. గట్టుకు ఆ పక్క తుమ్మచెట్టు నీడలో గొంతుక్కూర్చున్న హుసేనప్ప లేచి నిలబడి తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. వస్తున్నారండి, అంది తనూజ. ఎంతసేపు, అన్నాడు ఆయన, ఇంకో రెండూళ్ళు పోవాలన్నాడు. ఆమె జవాబు వెతుక్కుంటుంటే కాలువ వంతెన అవతల ట్రాక్టరు చప్పుడు వినపడింది. ట్రాక్టర్లు ఈ రోజుల్లో ఎన్ని తిరుగుతాయి, ప్రతి చప్పుడూ మనదే అనుకోకూడదు, అనుకుంటూనే లేచి నిలబడింది. వంతెన దిగింది, నాన్న నడుపుతున్నాడు, మూతి మూడు వంకర్లు పెట్టుకుని, వెనక ట్రక్కులో తాతయ్య పంచె ఎగగట్టి కింద చతికిలబడి కూర్చున్నాడు, పక్కన గోనెసంచుల మీద బట్టలుతికే బండ, పసిపిల్ల దొర్లిపోతుందేమోనన్నట్టు దానిమీద చెయ్యి వేసి పట్టుకున్నాడు. తనూజకు ఏడుపొచ్చింది. లా చదవబోయే మనిషి సర్వేయరు ముందు ఏడవకూడదని మింగేసింది, సగమే మింగుడు పడింది.

తాతయ్య దిగి ఆమెకేసి చూడలేదు, తూముకేసి చూశాడు. ఆ గోడ దగ్గర్నుంచే కొలవాలి అన్నాడు. ఆనాడు బురదలోకి బండి దిగదని తూము దగ్గర నిలిపి, అక్కడి దాకా రాయిని మోసుకొచ్చామని, అడుగడుక్కీ నడుము విరిగిందని, ఆ లెక్క మర్చిపోతే తను రైతే కాదని చెప్పాడు, గట్టు వెంబడి తూర్పుకు అరవై మూడు అంగలు, అక్కణ్ణుంచి లోపలికి పద్దెనిమిది. సర్వేయరు నక్షా చూసి, లెక్కలు వేసి, చెరిపి మళ్ళీ వేసి, తల ఊపాడు. అంగలు వేయడానికి తాతయ్య కాలెత్తి, రెండడుగులేసి ఆగాడు, మోకాళ్ళు ఆనాటివి కావు. నా అంగ ఇప్పుడు జానెడే, నువ్వు వెయ్యవే, నీవి నా కాళ్ళే, అన్నాడు తనూజతో. ఆమె చెప్పులు విప్పింది. గట్టు వెంబడి అరవై మూడు వేసింది, పైకి లెక్కపెడుతూ, అరవై మూడు దగ్గర కుడికి తిరిగి బురదలోకి దిగింది, చల్లగా పిక్కల దాకా పట్టుకుంది నేల, ఒక్కో కాలు లాగడానికి ఒక్కో ఊపిరి కావాల్సి వచ్చింది, భుజం మీద ఏమీ లేకుండానే ఇంత కష్టమా అనుకుంది, ఏడు, ఎనిమిది, ఇక్కడే కావచ్చు పాడె ఒరిగింది, పదకొండు, పన్నెండు. వెనక తాతయ్య కూడా దిగుతున్నాడు, నాన్న వద్దంటున్నాడు, తాతయ్య వినలేదు, గట్టు మీద నిలబడ్డ హుసేనప్పకేసి చెయ్యి చాపాడు. “హుసేనప్పా, కాస్త పట్టుకో నన్ను.” పేరు పూర్తిగా పలకడం తనూజ మొదటిసారి విన్నది, హుసేనప్ప కూడా మొదటిసారే విన్నట్టున్నాడు, తువ్వాలు గబగబా నడుముకు చుట్టుకుని దిగి ఆ చెయ్యి పట్టుకున్నాడు. పదిహేడు, పద్దెనిమిది. ఇక్కడ, అంది తనూజ.

సహాయకుడు గడ్డపార దించాడు. మొదటి పోటుకు నల్లబురద, రెండో పోటుకు నల్లమట్టి, ఒక జానెడు పక్కకు జరిపి మళ్ళీ, నల్లమట్టి. సర్వేయరు గడియారం చూసుకున్నాడు. తాతయ్య వంగి, బురదలో చెయ్యి పెట్టి తడిమి, ఇంకో మూర లోపలికి అన్నాడు, ఆయన ఎడంచెయ్యి ఇంకా హుసేనప్ప చేతిలోనే ఉంది. రెండున్నర అడుగుల లోతున గడ్డపార మొన గరగరలాడింది, పైకి తీస్తే మొనకు ఎర్రగా అంటుకుని వచ్చింది, పసుపు కుంకుమల్లో కుంకుమంత ఎరుపు, ఎర్రమొరం. నాన్నా, సహాయకుడూ, కాలనీ నుంచి అప్పటికి వచ్చిన మరో ఇద్దరూ కలిసి బండను మోసుకొచ్చారు, ఆ గుంతలో మొరటు చివర కిందికి పెట్టి నిలబెట్టారు, సబ్బు గుర్తు ఆకాశంకేసి పైకి వచ్చింది, దాని గాళ్ళలో ఇంకా తెల్లగా సబ్బు నురుగు ఎండి ఉంది. రేపట్నుంచి బట్టలెక్కడ ఉతుకుతారో మీ అమ్మనడుగు, అన్నాడు నాన్న తనూజతో, ఇంకా మూతి వంకరగానే ఉంది గానీ అన్నది మాత్రం ఆమెతోనే.

సర్వేయరు ఆ రాయి దగ్గర్నుంచి కొలతలు తీసి, బాట పొడుగునా ఎర్రగుడ్డ కట్టిన కర్రలు పాతించాడు, తూము నుంచి వంక ఒడ్డు దాకా రెండు వరసలు. తర్వాత గట్టెక్కి మహజరు కాగితం తీశాడు, నీ రాత బాగుంటుంది నువ్వే రాయమని తనూజకు ఇచ్చాడు. ఆమె తూము గోడ మీద కాగితం పెట్టుకుని రాసింది, ఊరు, తేదీ, సర్వే నంబరు, ఈసారి తూము నంబరు కూడా పక్కన రాసింది, సర్వేయరు వద్దనలేదు. రాయి తీసినవారి పేరు అన్న చోటికి వచ్చేసరికి కలం ఆగింది. ఎంతసేపు ఆగిందో, ఒక రెప్పపాటే కావచ్చు, తాతయ్యకు ఆ రెప్పపాటు చాలింది. “రాయవే. వేములపాటి శివరామకృష్ణయ్య, తండ్రి కోటయ్య. నేనే పీకాను” అన్నాడు. అందరికీ వినపడేట్టే అన్నాడు, నీళ్ళ సంఘంలో మాట్లాడే గొంతుతో. ఆమె రాస్తుంటే ఆయన మళ్ళీ అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి. “అటుపక్క తిమ్మన్న పట్టాడు. నేను పట్టమంటే పట్టాడు. అతని పేరు రాయొద్దు.” హుసేనప్ప బురద చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు, తుడుచుకుంటే చెంప మీద నల్లగా చార పడింది, ఆయన దాన్ని చెరుపుకోలేదు.

తాతయ్య సంతకం పెట్టాడు, హుసేనప్ప వేలిముద్ర వేశాడు, సర్వేయరు ముద్ర కొట్టాడు. కింద రాసినవారు అన్న చోట తనూజ తన పేరు రాసింది. పేరు ముందున్న ఇంటిపేరు చూసి సర్వేయరు ఆగాడు, ఎదుటి పక్షానికీ నీకూ ఏమైనా సంబంధం ఉందా, ఉంటే రాయాలి, నియమం, అన్నాడు. బెంగుళూరు కాలేజీ గడిలో ఏం రాయాలో ఆమెకు అప్పుడు తెలిసింది, దానికి మూడు వందల మాటలు అక్కర్లేదు. చెయ్యి చున్నీకి తుడుచుకుని, మనవరాలిని అని రాసింది.